ఆదిమానవుడి తిండి, ఆఫీసు క్యారేజీ

ఆదిమానవుడు తిన్నట్టే తినాలనే పేలియో డైట్ మాటెత్తగానే మన దగ్గర అందరూ అడిగేది ఒకటే: "అయితే అన్నం మానెయ్యాలా?" అన్నంతో ఆగదు. పప్పు పోతుంది, పెరుగు పోతుంది. ఇడ్లీ, దోసె, చపాతీ, జొన్నరొట్టె, రాగి సంగటి, అన్నీ పోతాయి. వేరుశెనగ కూడా కాయధాన్యమే కాబట్టి పల్లీ చట్నీకీ చోటు లేదు. పాలు పోసిన టీ, అందులో పంచదార, పక్కన ఉస్మానియా బిస్కెట్టు మూడూ నిషేధమే. ఉప్పు వేయొద్దంటారు కాబట్టి ఆవకాయ సంగతి చెప్పనక్కర్లేదు. ఇక విస్తట్లో మిగిలేవి కూరగాయలు, ఆకుకూరలు, మాంసం, చేప, గుడ్డు, దుంప, పండు, గింజలు.

ఈ పద్ధతిని అక్షరాలా పాటించమని నేను ఎవరికీ చెప్పను. పొద్దున తొమ్మిదికి ఆఫీసులో వేలిముద్ర వేసి, రాత్రి ఎనిమిదికి మెట్రోలో నిలబడి ఇంటికొచ్చే మనిషి, ఇంటిల్లిపాదీ పప్పన్నం కలుపుకుంటుంటే తానొక్కడే కాల్చిన చేప ముందు పెట్టుకుని కూర్చోవడం నెల దాటి సాగదు. కానీ దీని వెనకున్న ఆలోచనలో సగం, రోజంతా కుర్చీలో గడిపే ఉద్యోగులకు బాగా పనికొస్తుంది. ఆ సగమేదో తేల్చుకోవాలంటే, అసలు ఆలోచన ఎక్కడ పుట్టిందో, ఎక్కడ దారి తప్పిందో కొంచెం తెలియాలి.

1975లో వాల్టర్ వోగ్ట్లిన్ అనే అమెరికా జీర్ణకోశ వైద్యుడు రాతియుగపు తిండి మీద ఒక పుస్తకం రాశాడు. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1985లో బోయ్డ్ ఈటన్ అనే వైద్యుడు, మెల్విన్ కానర్ అనే మానవశాస్త్రవేత్త కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్యాసం ప్రచురించాకే శాస్త్రవేత్తలు ఈ సంగతి సీరియస్‌గా తీసుకున్నారు. వాళ్ల వాదన సులువైనదే. మనిషి లక్షల ఏళ్లు వేటాడి, దుంపలు తవ్వి, కాయలు ఏరుకుని బతికాడు. వ్యవసాయం మొదలై పది పన్నెండు వేల ఏళ్లే అయింది. పంచదార, మైదా, మిల్లు నూనె సామాన్యుల వంటింట్లోకి వచ్చి రెండొందల ఏళ్లు కూడా కాలేదు. తిండి మారినంత వేగంగా ఒళ్లు మారదు కాబట్టి షుగరు, బీపీ, గుండెజబ్బు వస్తున్నాయి అన్నారు. ఆ తర్వాత 2000 దశకం మొదట్లో లోరెన్ కార్డెయిన్ అనే కొలరాడో ఆచార్యుడి పుస్తకంతో ఇది జనంలోకి వెళ్లింది. జనంలోకి వెళ్లాక 'పేలియో' ముద్ర వేసిన చాక్లెట్లు, పొడులు, బిస్కెట్లు కూడా అంగళ్లలోకి వచ్చాయి. రాతియుగంలో ప్యాకెట్టు ఎవరు కట్టారో మరి.

వాదన బాగుంది. తడబడిందల్లా వివరాల దగ్గరే. పూర్వీకులు పిండిపదార్థాలు ముట్టలేదనే మాట నిలబడదు. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ కేవ్ అనే గుహలో లక్షా డెబ్బై వేల ఏళ్ల నాటి కాల్చిన దుంపలు దొరికాయి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో బతికిన నియాండర్తల్ మనుషుల పళ్ల గారలో ఉడికిన పిండి రేణువులు కనిపించాయి. జోర్డాన్‌లో దాదాపు 14,400 ఏళ్ల నాటి రొట్టె ముక్కలు మాడిపోయి దొరికాయి. అంటే వ్యవసాయం రావడానికి దాదాపు నాలుగు వేల ఏళ్ల ముందే అడవి గింజలు నూరి రొట్టె కాల్చారన్నమాట. ఒళ్లు మారదన్న మాటా పూర్తిగా నిజం కాదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే జన్యు మార్పు పశువులను సాకడం మొదలయ్యాకే వ్యాపించింది. మన దేశంలో అది వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. గ్లాసెడు పాలు తాగితే కడుపు ఉబ్బే వాళ్లు మన మధ్య అంతమంది ఉండటానికి కారణం ఇదే. అదే పాలు తోడేసి పెరుగు చేస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు.

ఇంకో సంగతి. ఆదిమానవుడి తిండి అనేది ఒక్కటి కాదు. టాంజానియాలోని హాడ్జా వేటగాళ్ల తిండిలో తేనె చెప్పుకోదగ్గ భాగం. ఆర్కిటిక్ మంచు దగ్గరివాళ్లకు సీలు కొవ్వు, చేప. పాపువా న్యూగినీ దగ్గర కిటావా దీవిలో 1990 ప్రాంతంలో స్టెఫాన్ లిండెబెర్గ్ అనే స్వీడన్ వైద్యుడు పరీక్షించిన మనుషులు కందలు, చిలగడదుంపలు, చేమదుంపలు, కొబ్బరి, చేపల మీద బతికేవారు. వాళ్ల క్యాలరీల్లో మూడింట రెండొంతులకు పైగా పిండిపదార్థమే. మగవాళ్లలో చాలామంది పొగ తాగేవారు కూడా. అయినా పక్షవాతం, గుండెపోటు జాడ దాదాపు కనబడలేదు. బొలీవియాలోని చిమానే ప్రజలు వరి, అరటి, కర్రపెండలం కడుపునిండా తింటారు. వాళ్ల గుండె రక్తనాళాలు లోకంలోకెల్లా శుభ్రంగా ఉన్నాయని 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వీళ్లు రాతియుగపు మనుషులేమీ కాదు, మన కాలపు వాళ్లే. కాకపోతే వాళ్ల వంటింట్లో ఫ్యాక్టరీ తిండి పెద్దగా లేదు.

"ఆదిమానవులు ముప్పై ఏళ్లకే చచ్చిపోయేవారుగా" అని ఎవరో ఒకరు అంటారు. పసిపిల్లల మరణాలు కలిపి తీసిన సగటు అది. వేట సమాజాల్లో చిన్నతనం దాటి బతికినవాళ్లు ఎక్కువగా కన్నుమూసే వయసు డెబ్బై అటూ ఇటుగా ఉంటుందని గుర్వెన్, కాప్లన్ అనే మానవశాస్త్రవేత్తలు 2007లో లెక్క తేల్చారు. అలాగని వాళ్లకు జబ్బే లేదనీ కాదు. 2013లో నాలుగు ప్రాంతాల నుంచి 137 ప్రాచీన మమ్మీలను స్కాన్ చేస్తే మూడింట ఒక వంతు మందిలో రక్తనాళాలు గట్టిపడ్డ గుర్తులు కనబడ్డాయి. వాళ్లలో అలాస్కా దీవుల వేటగాళ్లూ ఉన్నారు.

మరి ఈ పద్ధతి పాటించి చూసినవాళ్లకు ఏమైంది? పరీక్షలు జరిగాయి కానీ చిన్నవి. లిండెబెర్గ్ బృందం 2007లో 29 మంది గుండె రోగుల మీద పన్నెండు వారాలు చేసిన ప్రయోగంలో పేలియో తిన్నవాళ్లకు గ్లూకోజ్ అదుపు బాగా మెరుగుపడింది. స్వీడన్‌లోనే 70 మంది మహిళలను రెండేళ్లు గమనించారు. ఆరు నెలలకు పేలియో వాళ్లలో కొవ్వు స్పష్టంగా ఎక్కువ తగ్గింది. రెండేళ్లు తిరిగేసరికి మామూలు పోషకాహార సలహా పాటించిన వాళ్లకూ వీళ్లకూ ఆ తేడా నిలవలేదు. ఉద్యోగులు గుర్తుంచుకోవాల్సింది ఈ రెండో ఫలితమే. కష్టమైన నియమం ఆరు నెలలు బాగానే ఉంటుంది. నిలిచేది మాత్రం ఇంట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో అందరితో కలిసి తింటూ కొనసాగించగలిగేదే. ఉప్పు, పాలు రెండూ మానేసినప్పుడు అయోడిన్ తగ్గిపోవడం కూడా స్వీడన్ మహిళల్లోనే గమనించారు.

పైన చెప్పిన సమాజాలన్నిటిలో కలిసొచ్చేవి ఏమిటని చూస్తే లెక్క తేలిగ్గా తెగుతుంది. పంచదార సంచి లేదు. ప్యాకెట్టు లేదు. ఆర్కిటిక్ వాళ్లను మినహాయిస్తే పీచు విపరీతంగా ఉంది. తిండి కోసం నడక ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 2019లో ఇరవై మందిని వార్డులోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా వంట పెట్టాడు. ఎంత కావాలంటే అంత తినమన్నాడు. ఫ్యాక్టరీ తిండి తిన్న వారాల్లో రోజుకు దాదాపు 500 క్యాలరీలు తెలియకుండానే ఎక్కువ తిన్నారు, కిలో దాకా బరువు పెరిగారు. పెట్టిన భోజనాల్లో పిండిపదార్థం, కొవ్వు, చక్కెర రెండు చోట్లా దాదాపు సమానమే. నా దృష్టిలో పేలియోలో నిజంగా పనిచేసే భాగం ఇక్కడ ఉంది. పప్పు మీద యుద్ధంలో లేదు.

పప్పు గురించి ఇంకొంచెం చెప్పాలి. కాయధాన్యాల్లో లెక్టిన్లు అనే పదార్థాలు ఉంటాయి కాబట్టి విషం అని భయపెడతారు. పచ్చి రాజ్మాలో అవి హాని చేసే మోతాదులో ఉండటం నిజమే. నానబెట్టి కుక్కర్లో మెత్తగా ఉడికించాక ఆ భయం అక్కర్లేదు. దక్కన్ సంగతికొస్తే, కర్ణాటక నుంచి కర్నూలు, పాలమూరు దాకా బూడిదగుట్టలు వదిలివెళ్లిన తొలి పశుపాలకులు, రైతులు తిన్నవాటిలో ముఖ్యమైనవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు అని పురావస్తు తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు చెబుతున్నాయి. అది నాలుగైదు వేల ఏళ్ల మాట. వరి ఇక్కడి పళ్లెంలోకి ఆ తర్వాత వచ్చింది. మిరపకాయ మరీ కొత్తది, పోర్చుగీసు ఓడలెక్కి వచ్చి అయిదొందల ఏళ్లే. ఆ లెక్కన పెసరట్టు ముడిసరుకు మనకు పాత చుట్టం.

ఇంకా వెనక్కి వెళ్తే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ పాతకాలపు జంతువుల ఎముకలు తవ్వి తీశాడు. పక్కనే నల్లమలలో చెంచులు మొన్నమొన్నటి దాకా తవ్వుకోలతో దుంపలు తీసి, తేనె పట్టి, ఇప్పపువ్వు, తునికిపండు ఏరుకుని బతికారు. 1940లలో హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ తిండి వివరాలు చాలా ఉన్నాయి. చెంచులను ఆదిమానవుడి ఫొటోలా చూపించడం నాకు నచ్చదు; వాళ్లూ మన కాలపు మనుషులే, ఇవాళ చెంచుపెంటల్లోనూ రేషన్ బియ్యమే వండుకుంటున్నారు. వాళ్ల పాత తిండిలో మనం చూడాల్సింది ఒకటుంది. మాంసం దొరికిన రోజు పండగ. దొరకని రోజులే ఎక్కువ, ఆ రోజుల్లో కడుపు నింపింది దుంప, ఆకు, కాయ. పేలియో అంటే రోజూ మటన్ అనుకునేవాళ్లు ఆ సంగతి తెలుసుకోవాలి.

ఇక పనిలోకి వద్దాం. ఒక మామూలు పనిరోజు మీరు తిన్నదంతా ఫోన్‌లో రాసుకోండి. పొద్దున ఇడ్లీయో ఉప్మానో, పదకొండింటికి టీ బిస్కెట్టు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం సమోసా లేదా పునుగులు, రాత్రి మళ్లీ అన్నం లేదా చపాతీ. అయిదు సార్లు తింటే అయిదు సార్లూ ధాన్యమో పిండో వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో తిండి క్యాలరీల్లో ధాన్యం వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. మన పళ్లెం ఆ గీతను ఎప్పుడో దాటేసింది. మాంసం సంగతీ చూడండి. తెలుగు రాష్ట్రాల్లో నూటికి తొంభై ఎనిమిది మంది మాంసాహారులని 2014 సర్వే లెక్క. వాళ్లలో చాలామంది ఆదివారపు మాంసాహారులు. సోమవారం నుంచి శనివారం దాకా చిన్న గిన్నెడు పల్చటి పప్పు, ఇంత పెరుగు. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. వారంలో ఆరు రోజులు అది అందీ అందకుండా గడిచిపోతుంది.

మార్పు క్యారేజీ నుంచి మొదలుపెట్టండి. మన టిఫిన్ క్యారేజీలో పెద్ద గిన్నె అన్నానిది, చిన్న గిన్నెలు కూరవి. దాన్ని తిరగేయండి: పెద్ద గిన్నెలో కూర, చిన్న గిన్నెలో అన్నం. మూడో గిన్నెలో గుడ్లు, చికెన్, చేప లేదా గట్టి పప్పు. పెరుగు విడిగా. వినడానికి ఇంతే, కానీ మొదటి రోజే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తెలుగు కూర అన్నంలో కలుపుకోవడానికి వండేది. నాలుగు ముద్దల అన్నానికి సరిపడా ఉప్పు, కారం, పులుపు ఒక గరిటె కూరలో ఉంటాయి. దాన్నే గిన్నెడు తింటే నోరు మండుతుంది, ఉప్పు రెట్టింపవుతుంది, సాయంత్రానికి కడుపులో మంట. చాలామంది ఇక్కడే "నావల్ల కాదు" అని వదిలేస్తారు. కూర పరిమాణం పెంచిన రోజే అందులో ఉప్పు, కారం సగానికి దించాలి. బీర, సొర, పొట్ల, దొండ లాంటివి నూనెలో తేలేలా వేయించకుండా రెండు చెంచాల నూనెతో మూతపెట్టి మగ్గిస్తే, కొంచెం కొబ్బరి తురుమో నువ్వుల పొడో చల్లితే ఉత్తి కూరగా తినడానికి హాయిగా ఉంటుంది. ఇంట్లో వండేది మీరు కాకపోతే ఆ మనిషితో ముందే కూర్చుని మాట్లాడండి. ఇద్దరికి రెండు రకాల వంట చేయమనడం అన్యాయం. ఇంటందరికీ ఉప్పు తగ్గించడం ఎవరికీ నష్టం కాదు.

హాస్టళ్లలో, పీజీల్లో ఉండేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు. అక్కడ అన్నం కొండంత, సాంబారు నీళ్లంత. ఒక గుడ్లు ఉడకబెట్టే చిన్న కుక్కరు, కీరా, క్యారెట్, టమాటా కోసుకోవడానికి కత్తి ఉంటే సగం పని అవుతుంది. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్లు ఒక వేపుడు, ఒక పులుసు బదులు ఒక ఆకుకూర పప్పు, ఒక కూరగాయ తీసుకోండి. పైన తేలిన నూనె వంపేయడానికి మొహమాటపడొద్దు. క్యాంటీన్‌లో పళ్లెం తీసుకున్నాక ముందు కూరగాయలు, గుడ్డో చికెనో తిని, అన్నం చివర్లో తినండి. అదే భోజనం ఆ వరసలో తింటే తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని షుగరు ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఖర్చు లేని మార్పు ఇది.

పొద్దున టిఫిన్‌కు వారంలో నాలుగు రోజులు రెండు మూడు ఉడికించిన గుడ్లు, ఒక పండు, లేదంటే ఉడికించిన చిలగడదుంప. శాకాహారులకు పెసరట్టు, మొలకలు. కఠిన పేలియో శాకాహారులకు దాదాపు అసాధ్యం. పప్పులు, పెరుగు తీసేస్తే వాళ్లకు మాంసకృత్తులు, బి12 ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ప్రయత్నమే వద్దు. దుంపల్లో కంద, చేమ మంచివి, పీచు బాగా ఉంటుంది. దురద పోవాలంటే చింతపండు వేసి బాగా ఉడికించాలి. ఆకుకూరలకు రైతు బజారును మించిన చోటు లేదు. తోటకూర, పాలకూర అందరూ కొంటారు. గంగవాయిల కూర, పొన్నగంటి కూర కూడా సంచిలో వేసుకోండి. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చేలల్లో విత్తకుండానే మొలిచే ఇలాంటి ఆకులను ఏళ్లుగా గుర్తించి, వండి చూపిస్తున్నారు. ఏరుకుని తిన్న పూర్వీకుల పద్ధతికి మన దగ్గర మిగిలిన అసలైన ఆనవాలు అదే. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం గంగవాయిల, పాలకూర లాంటివి తగ్గించుకోవాలి. వాటిలో ఆక్సలేటు ఎక్కువ.

మాంసం ఖర్చు గురించి అడుగుతారు. రోజూ మటన్ ఎవరికీ గిట్టుబాటు కాదు, ఆరోగ్యానికీ అవసరం లేదు. గుడ్డు అన్నిటికంటే చవక. చిన్న చేపలు, మెత్తళ్ల లాంటివి ముల్లుతో సహా తినేస్తాం కాబట్టి క్యాల్షియం కూడా వస్తుంది, పాలు తగ్గించినవాళ్లకు అది ముఖ్యం. వేటగాళ్లు జంతువులో ఏ భాగమూ పారేయలేదు. తలకాయ, కాళ్లు, బోటీ, లివర్ వండటం మన వంటింటికి కొత్త విద్య కాదు. లివర్ వారానికి ఒకసారి చాలు. గర్భిణులు తినొద్దు, విటమిన్ ఎ మోతాదు మించుతుంది. యూరిక్ ఆమ్లం ఎక్కువున్నవాళ్లకు బోటీ, లివర్ రెండూ పనికిరావు.

టీ మానమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అంటే ఎనిమిది చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే రోజుకు పాతిక గ్రాముల హద్దు అక్కడే దాటిపోతుంది. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ పోతే నాలుక అలవాటు పడుతుంది. సాయంత్రం నాలుగింటి ఆకలికి సమోసా బదులు గుగ్గిళ్లు, వేయించిన శెనగలు, జామకాయ, పిడికెడు బాదం. గుగ్గిళ్లు పేలియో పుస్తకంలో ఉండవు, ఫరవాలేదు. ఆఫీసు పుట్టినరోజు కేకు ముక్క తినేయండి, దాని గురించి తర్వాత మథనపడకండి. వారాంతపు బిర్యానీ కూడా వారానికి ఒక్క పూటే అయితే చిక్కు లేదు. బీరు మాత్రం బార్లీ నీళ్లే అని గుర్తుంచుకోండి.

ఒంటితో పనిచేసేవాళ్లకు లెక్క వేరు. తాపీపని, హమాలీ, పొలం పని, రోజంతా బండి మీద డెలివరీ చేసేవాళ్లు అన్నం సగానికి కోస్తే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. వాళ్లు అన్నం ఉంచుకుని కూల్‌డ్రింకు, బన్ను, పంచదార టీ తగ్గించి, గుడ్డు, పల్లీలు, మజ్జిగ కలుపుకుంటే చాలు. హాడ్జాల సంగతి ఇక్కడ ఒకటి చెప్పాలి. హెర్మన్ పాంట్జర్ అనే మానవశాస్త్రవేత్త బృందం 2012లో కొలిచి చూస్తే, అంత నడిచే హాడ్జాలు రోజుకు ఖర్చుచేసే క్యాలరీలు, శరీర పరిమాణం లెక్కలోకి తీసుకుంటే, అమెరికా ఆఫీసు మనుషుల ఖర్చుకు పెద్ద తేడాగా లేవు. బరువు తగ్గడానికి జిమ్‌నే నమ్ముకున్నవాళ్లకు చేదు కబురే. నడక విలువ వేరే చోట ఉంది: రక్తంలో చక్కెర, బీపీ, కండ బలం, నిద్ర. హాడ్జాలు కూడా రోజుకు పది గంటల దాకా విశ్రాంతిగానే ఉంటారని తర్వాత లెక్క తేలింది, కాకపోతే అందులో కొంత సేపు గొంతుక్కూర్చుని, మోకరిల్లి, కాలి కండరాలు పనిచేస్తూనే ఉండేలా కూర్చుంటారు. కుర్చీకి ఆ సుగుణం లేదు. భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు ఆఫీసు చుట్టూ తిరగండి. ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడండి.

రాత్రి షిఫ్టు వాళ్లది అన్నిటికంటే కష్టమైన కేసు. వేళ కాని వేళ తిన్న తిండిని ఒళ్లు సరిగా వాడుకోలేదు. 2021లో వచ్చిన ఒక ప్రయోగంలో రాత్రి మేల్కొని ఉన్నా పగటి పూటే తిన్నవాళ్లకు గ్లూకోజ్ అదుపు చెడలేదు, రాత్రి తిన్నవాళ్లకు చెడింది. డ్యూటీకి వెళ్లే ముందు సాయంత్రం ఏడింటికల్లా కడుపునిండా కూరలు, మాంసకృత్తులతో భోజనం చేయండి. అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే గుడ్డు, మజ్జిగ, పండుతో సరిపెట్టుకోండి. రాత్రి రెండింటికి బిర్యానీ ఆర్డరు పెట్టే అలవాటు మానుకుంటే మిగతా నియమాలన్నీ తప్పినా సగం లాభం దక్కుతుంది.

మొదటి రెండు వారాలు తలనొప్పి, నీరసం, చిరాకు రావచ్చు, ముఖ్యంగా పంచదార ఒక్కసారే తగ్గించినవాళ్లకు. పీచు పెరిగింది కాబట్టి నీళ్లు పెంచకపోతే మలబద్ధకం. కడుపుబ్బరం వస్తే కూర కొంచెం తగ్గించి మెల్లగా పెంచండి. ఉప్పు తగ్గించండి కానీ వాడే ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి.

మందులు వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ అన్నం సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ బండి నడుపుతున్నప్పుడు. డాపాగ్లిఫ్లోజిన్ కుటుంబం మందులు వాడేవాళ్లు పిండిపదార్థం బాగా కోసేస్తే రక్తం ఆమ్లమయ్యే కీటోయాసిడోసిస్ వచ్చే ముప్పుంది, షుగరు రీడింగ్ మామూలుగా కనిపిస్తున్నా సరే. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాంసకృత్తుల హద్దు వైద్యుడే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు ఇలాంటి నియమాల జోలికి వెళ్లకపోవడం మంచిది.

మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని, బొడ్డు మీదుగా నడుం చుట్టుకొలత రాసి పెట్టుకోండి. మనవాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు గీత. హెచ్‌బీఏ1సీ రక్తంలో చక్కెర మూడు నెలల సగటును చూపిస్తుంది కాబట్టి అంతకంటే ముందు మళ్లీ చేయించినా ఉపయోగం లేదు. మూడు నెలల తర్వాత నడుం తగ్గి, చక్కెర తగ్గి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) మాత్రం పెరిగిందనుకోండి, కొందరికి అలా జరుగుతుంది. అప్పుడు మటన్, నెయ్యి, కొబ్బరి తగ్గించి, చేపలు, పప్పులు పెంచి ఇంకో మూడు నెలలు చూడండి. అప్పటికీ దిగకపోతే రెండు రిపోర్టులూ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందు రాస్తే వేసుకోండి, క్యారేజీ మాత్రం పాత వరసకు మార్చకండి.